అది ఎగశ్వాస కాదు

నేను బతికుండగానే నా నోట్లో తులసి తీర్థం పోశారు. పోసింది పరాయివాళ్ళు కాదు, మా అక్క. ఈ మాట చెబితే వినేవాళ్ళు ముందు నవ్వుతారు, తర్వాత నా మొహం చూసి ఆపేస్తారు. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఇప్పుడు నేనూ నవ్వగలను. కానీ అది జరిగాక ఏడాదిన్నర పాటు, ఎవరైనా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెడితే నాకు ముచ్చెమటలు పోసేవి.

నేను బస్సు కండక్టర్ని. కావలి నుంచి బోగోలు మీదుగా సముద్రం ఒడ్డు పల్లెలకు తిరిగే బస్సులో ఇరవై రెండేళ్ళు టికెట్లు కొట్టాను. చేపల గంపలు టాపు మీద పెట్టమంటే పెట్టనివాళ్ళతోనూ, ఎనిమిదేళ్ళ పిల్లకి ఐదేళ్ళు దాటలేదని వాదించేవాళ్ళతోనూ రోజూ గొడవే. నా నోటికి జడిసి డ్రైవర్లు నా బండి తప్పించుకునేవాళ్ళని డిపోలో చెప్పుకునేవాళ్ళు. అబద్ధం కాదు. పెళ్ళి సంబంధాలు వచ్చాయి గానీ, నేను నచ్చినవాళ్ళు నాకు నచ్చలేదు. భర్త పోయాక మా అక్క నా దగ్గరికే వచ్చేసింది. ఆమెకు పిల్లల్లేరు. నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద. నా ఎనిమిదో ఏట అమ్మ చనిపోతే నాకు తల దువ్వి, అన్నం పెట్టి, బడికి తరిమింది ఆమే. మా పల్లెలో రెండు గదుల ఇంట్లో మేమిద్దరం ఉంటాం.

దగ్గు ఎప్పుడు మొదలైందో సరిగ్గా చెప్పలేను. చిన్నప్పుడు తడి సరుగుడు పుల్లల పొగలో పెరిగాం. తర్వాత నాకు రోడ్డు దుమ్మూ డీజిలు పొగా. ముందు మెట్లెక్కితే ఆయాసం, తర్వాత టికెట్లు కొడుతూ బస్సులో వెనక్కి నడిస్తే ఆయాసం. చివరికి విజిల్ ఊదడానికి ఊపిరి చాలక చేత్తో బస్సు రేకు మీద కొట్టడం మొదలుపెట్టాను. నెల్లూరులో ఊపిరితిత్తుల డాక్టరు గారు పరీక్షలు చేసి, గాలి గొట్టాలు సన్నబడిపోయాయన్నారు. పోయింది తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టుకోవాలట. పీల్చే మందు రాసిచ్చి రోజూ తప్పకుండా వాడమన్నారు.

నేను వాడలేదు. ఇందులో ఎవరినీ తిట్టడానికి లేదు, తప్పు నాదే. అది ఒకసారి పీల్చడం మొదలుపెడితే ఇంక అది లేకుండా ఉండలేరని మా వైపు అందరూ అంటారు. నేనూ నమ్మాను. పట్టుచీర లాగా బీరువాలో దాచి, మరీ ఊపిరాడనప్పుడు మాత్రం తీసి పీల్చేదాన్ని. అలా దాచుకున్న మందు లోపల ఎంత మిగిలిందో కూడా చూసుకోలేదు.

కార్తీకంలో ఒక ముసురు రోజు. తుఫాను తీరం దాటి వెళ్ళాక కూడా మూడు రోజులు ఒకటే జల్లు. పొద్దున పది గంటలకు నీళ్ళ బిందె ఎత్తబోయి ఆగిపోయాను. లోపలికి పోయిన గాలి బయటకు రావడం లేదు. మందు తెచ్చి నొక్కితే ఖాళీ. తిన్నె మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు ఆనించి ముందుకు వంగాను. అలా వంగితే కొంచెం నయం, అది నాకు అలవాటైన సంగతే. అక్క పరుగెత్తుకొచ్చి వీపు రాస్తోంది. చప్పుడు విని పక్కింటి అవ్వ వచ్చింది.

ఆ అవ్వ గురించి ఒక మాట. మా పల్లెలో ఎవరికైనా ఆఖరు ఘడియలు అనుకుంటే ఆమెనే పిలుస్తారు. ఆమె చూసి ‘ఇంకా లేదు, పోయి వంట చేసుకోండి’ అంటే అందరూ ఇళ్ళకు పోతారు. ఆమె మాట ఎప్పుడూ తప్పలేదంటారు. ఆమె నా ముందుకొచ్చి నిలబడి, ఎగిరెగిరి పడుతున్న నా భుజాలు చూసింది, తెరిచిన నోరు చూసింది.

“మే, ఇంక చూస్తా ఉండావేంది? ఎగశ్వాస తీస్తా ఉండాది. తులసాకు తీసకరా,” అంది మా అక్కతో.

ఎగశ్వాస అంటే మాకు ఆయాసం కాదు, ఉబ్బసం కాదు. చావబోయే మనిషి తీసే ఊపిరి. పైకి పోతుంది గానీ కిందికి దిగదు. ఆ మాట మా ఇళ్ళలో ఊరికే అనరు. ఒకసారి అన్నారంటే ఇంక డాక్టరు పని అయిపోయినట్టే, మిగిలింది మనం చేయాల్సింది. మనిషిని తిన్నె మీద నుంచి దించి నేల మీద వెల్లకిలా పడుకోబెడతారు. నోట్లో తీర్థం పోస్తారు. అయినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి పోస్తారు.

నాకు అన్నీ వినపడుతున్నాయి. అది ఎవరికీ తట్టలేదు. “పండ... బెట్టొద్దు,” అన్నాను. ఇంకా ఏవో అన్నాను. అప్పటికే చేరిన ఇరుగుపొరుగు ఆడవాళ్ళు నలుగురు నన్ను ఎత్తి చాప మీద వెల్లకిలా పడుకోబెట్టారు. ఊపిరాడనివాళ్ళని అలా పడుకోబెడితే ఎలా ఉంటుందో పడుకున్నవాళ్ళకే తెలుస్తుంది. గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించింది. పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు మా అక్క ముఖం నా ముఖం మీదికి వంగింది. ఆమె కళ్ళ నీళ్ళు నా చెంప మీద పడుతున్నాయి. చేతిలో ఉద్ధరిణి. “తాగు తల్లీ, తాగు,” అంటూ పోసింది.

ఆ నీళ్ళు గొంతులోకి పోలేదు, గాలి పోవాల్సిన దారిలోకి పోయాయి. చావంటే ఏమిటో నేను చూసింది ఆ ముసురులో కాదు, ఆయాసంలో కాదు, ఆ చెంచాడు నీళ్ళలో.

జ్వరాల సర్వేకి వచ్చిన నర్సమ్మ వీధిలో ఉండటం వల్ల బతికాను. ఆమె లోపలికొచ్చి ఒక్క కేక వేసింది. “ఏం మనుషులమ్మా మీరు, లేపి కూర్చోబెట్టండి!” అని తనే నా చంకల కింద చేతులు పెట్టి లేపింది. అంబులెన్సు వచ్చింది, కావలిలో ఆక్సిజన్ పెట్టారు, ఐదో రోజుకు ఇంటికొచ్చాను. అవ్వ చూడ్డానికి వచ్చి చాలాసేపు నన్నే చూస్తూ కూర్చుంది. తన లెక్క తప్పించినందుకు నా మీద కొంచెం కినుకగానే ఉన్నట్టు అనిపించింది.

ఆ తర్వాత నేను మందు రోజూ వాడాను. డాక్టరు చెప్పినవన్నీ చేశాను. అయినా రోజురోజుకీ దిగజారిపోయాను. ఎందుకో చెబుతాను. ఊపిరి కొంచెం ఎగసినా సరే, అవ్వ గొంతు నా చెవిలో వినపడేది. ఎగశ్వాస తీస్తా ఉండాది. ఆ మాట వినపడగానే గుండె దడదడలాడేది. గుండె దడ వల్ల ఊపిరి ఇంకా ఎగసేది. ఎగసిన ఊపిరి చూసి, ఇదిగో వచ్చేసింది అనుకునేదాన్ని. ముందు భయమో ముందు ఆయాసమో నాకే తెలిసేది కాదు.

స్నానానికి పోతే తలుపు గడియ వేసుకోవడం మానేశాను. వెల్లకిలా పడుకోవడం మానేశాను. గోడకు నాలుగు దిండ్లు చేర్చి కూర్చునే నిద్రపోయేదాన్ని. నోట్లో ముద్ద ఉండగా ఊపిరి ఆగితే ఎలా అని అన్నం మజ్జిగలో జావలా చేసుకుని తాగేదాన్ని. నెల తర్వాత డ్యూటీకి పోయాను. సంతరోజు, బండి నిండా జనం. రెండో స్టేజీ కూడా రాకముందే, ఇంతమందిలో పడిపోతే నన్ను ఎక్కడ పడుకోబెడతారు, ఎవరి దగ్గర తులసి ఉంటుంది అన్న ఆలోచన వచ్చింది. చూడండి ఎంత పిచ్చి ఆలోచనో. బండి ఆపించి దిగిపోయాను. ఇరవై రెండేళ్ళుగా జనాన్ని గదమాయించిన దాన్ని, రోడ్డు పక్కన రొయ్యల చెరువు గట్టు మీద కూర్చుని గజగజ వణికాను. సెలవు మీద సెలవు పెట్టాను.

అన్నిటికన్నా కష్టం అక్కతో. ఆమె వీధి చివరి కొట్టుకు పోయినా నాకు ప్రాణం ఉండేది కాదు. ఒంటరిగా ఉన్నప్పుడు వస్తే? అలాగని ఆమె ఇంట్లో ఉంటే, చేతిలో చెంబు కనపడగానే గోడకు అతుక్కుపోయేదాన్ని. నా నీళ్ళు నేనే ముంచుకునేదాన్ని. ఒకసారి మాత్ర వేసుకోమని గ్లాసు ఇవ్వబోతే చేయి విసిరికొట్టాను. గ్లాసు దొర్లుకుంటూ పోయింది. ఆమె పొడిగుడ్డ తెచ్చి నేల తుడిచింది. నన్ను పెంచిన మనిషి. ఆమె లేకుండా ఉండలేను, ఆమె చేతి నీళ్ళు తాగలేను. ఇలా ఎన్నాళ్ళు బతకాలి అని నాకు అప్పుడు చాలా ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయాసం వస్తుందని ఏడవలేదు.

డాక్టరు గారు మళ్ళీ గొట్టంలో ఊదించి చూశారు. “మీ ఊపిరితిత్తులు కిందటిసారి కన్నా పాడవలేదమ్మా. సగం ఆయాసం భయం వల్ల వస్తోంది,” అన్నారు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. “అంటే నేను నాటకమాడతా ఉండానా సార్?”

“నాటకం అనలేదు. ఆయాసం నిజమే, భయమూ నిజమే. రెండింటికీ వైద్యం ఉంది,” అని చీటీ రాశారు. మీలాంటివాళ్ళకి గురువారం గురువారం ఒక క్లాసు ఉంటుంది, అక్కడ మాట్లాడే మేడమ్ ఒకరు ఉన్నారు, కలవండి అన్నారు. పల్లెలో ఈ సంగతి తెలిసి, పిచ్చి డాక్టరు దగ్గరికి పోతోందట అని నా వెనక గుసగుసలు. వాళ్ళ నోళ్ళు మూయించే ఊపిరి నాకు లేకపోయింది.

గురువారం క్లాసంటే ఆసుపత్రి మేడ మీద ఒక హాలు. పదిమంది కుర్చీల్లో కూర్చుని ఉన్నారు, పదిమంది ఊపిరీ గరగరమంటోంది. ముందు ఊపిరి వ్యాయామం. ముక్కుతో పీల్చి, పెదాలు సున్నాలా చుట్టి మెల్లగా వదలాలి. ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు గట్టిగా కాదు, దీపం ఆరిపోకుండా ఊదినట్టు. విడవలూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. రైసు మిల్లులో జీవితమంతా బస్తాలు మోసిన మనిషి. “ఇన్నాళ్ళూ ఊకదుమ్ము లోపలికి పీల్చినా, ఇప్పుడు మీరు ఊదమంటే బయటికొస్తాదా?” అని అడిగేవాడు. అందరూ నవ్వితే అందరికీ దగ్గు వచ్చేది.

తర్వాత మాట్లాడే మేడమ్. ముప్పై అయిదేళ్ళు ఉంటాయి, మెల్లగా మాట్లాడుతుంది. మేమంతా ఆమెను మాటల మేడమ్ అనేవాళ్ళం. మొదటి రోజే చెప్పేశాను.

“నాకేం పిచ్చి లేదు మేడమ్.”

“ఉందని ఎవరన్నారు?” అంది.

“అనలేదు గానీ, మీ దగ్గరికి పంపించినారు గదా.”

“ఊపిరాడకపోతే ఎవరికైనా భయం వేస్తుందమ్మా. భయం వేయకపోతేనే నేను ఆలోచించాలి,” అంది. ఆ మాట నాకు నచ్చింది, పైకి ఒప్పుకోలేదు.

ఆమె ప్రతివారం ఒకటే ప్రశ్న అడిగేది. ఆయాసం మొదలవగానే మీ మనసులో వచ్చే మొదటి మాట ఏమిటి? నేను చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్ళలో నేను అనని మాట లేదు, కానీ ఈ ఒక్క మాట నోటి దాకా వస్తే మింగేసేదాన్ని. నేను అంటే అది నిజమైపోతుందేమో అనిపించేది. మూడు వారాలు అలాగే గడిచాయి. నాలుగో వారం, ఆమె అడగకముందే, కళ్ళు మూసుకుని అనేశాను. “ఎగశ్వాస.”

రైసు మిల్లు పెద్దాయన లేచి చెప్పులేసుకుని బయటకు వెళ్ళిపోయాడు. నా పక్కనున్నామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ మాట నా ఒక్కదాని చెవిలోనే లేదని అప్పుడు తెలిసింది.

మాటల మేడమ్ కాగితం మీద పెన్ను పెట్టి, “ఆ మాటకి అర్థం ఏంటమ్మా?” అని అడిగింది.

ఇంత చదువుకున్న మనిషికి, నన్ను ఏడాదిగా చంపుతున్న మాట తెలియదు. కోపం వచ్చింది. చెప్పాను. చావు ముందు తీసే ఊపిరండీ అన్నాను. గడ్డం పైకి లేస్తుంది, కళ్ళు తేలిపోతాయి, పిలిస్తే పలకరు, మాట పోతుంది. మా అమ్మమ్మ పోయేటప్పుడు నేను చూశాను. చెబుతూ చెబుతూ ముసురు రోజు సంగతంతా చెప్పేశాను. చాప, అవ్వ, ఉద్ధరిణి, అన్నీ.

ఆమె మొత్తం విని, “వాళ్ళు పడుకోబెట్టేటప్పుడు మీరు ఏమన్నారు?” అంది.

“పండబెట్టొద్దన్నా.”

“ఇంకా?”

చెప్పడానికి సిగ్గేసింది. “తిట్టినా మేడమ్.”

“ఎవర్ని?”

“అవ్వని. ముందు నిన్ను పండబెట్టాల ముసలిదానా, అన్నా. మాట పూర్తిగా రాలా, ముక్కలు ముక్కలుగా అన్నా.”

మేడమ్ నవ్వలేదు. “మీరే చెప్పారు కదా, ఎగశ్వాసలో ఉన్నవాళ్ళకి మాట పోతుందని. వాళ్ళు తిడతారా?”

ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. నేను తిట్టాను. కాబట్టి అది ఎగశ్వాస కాదు. అవ్వ లెక్క తప్పింది. జీవితంలో మొదటిసారి, నా నోటి దురుసు చూసి నాకు సంతోషం కలిగింది. మేడమ్ మాత్రం గట్టిగా ఒక మాట చెప్పింది. మాట ముక్కలు ముక్కలుగా వస్తున్నా, మందు పీల్చాక తగ్గకపోతే అది ప్రమాదమే, పెద్దల మాట కోసం చూడకుండా వెంటనే అంబులెన్సు పిలవాలి అంది. ఆ రోజు ఖాళీ మందుతో కూర్చోవడం కూడా ప్రమాదమే అని తలంటింది.

అప్పటినుంచి ఆయాసం వచ్చినప్పుడల్లా మందు పీల్చి, పెదాలు చుట్టి ఊదుతూ, ఎవరినో ఒకరిని మెల్లగా తిట్టేదాన్ని. ఎక్కువగా అవ్వనే. చిల్లర ఇవ్వకుండా సతాయించిన పాత ప్యాసింజర్లను కూడా తలుచుకునేదాన్ని. మాట వస్తోంది అంటే అది ఎగశ్వాస కాదు. అన్నిసార్లూ పనిచేసేది కాదు. పదిసార్లలో సగంసార్లు భయమే గెలిచేది. కానీ మిగిలిన సగం నాది.

ఇంక మిగిలింది అక్క. ప్రతి గురువారం నాతో బస్సులో నెల్లూరు వచ్చి, క్లాసు అయ్యేదాకా వరండా బెంచీ మీద కూర్చునేది. ఆమెను కూడా లోపలికి పిలుద్దాం, మీకు ఇష్టమైతేనే అని మేడమ్ అడిగింది. నాకు ఇష్టం లేదు. మూడు వారాలు దాటవేశాను. నాలుగో వారం, చూద్దాంలే అని నేనే పోయి పిలిచాను.

అక్క కుర్చీ అంచున కూర్చుంది. ఆ రోజు ఏం జరిగిందో మీరు చెప్పండి అంది మేడమ్. అక్క ఆ రోజు గురించి చెప్పలేదు, అమ్మ పోయిన రోజు గురించి చెప్పింది.

“మా అమ్మకి గూడా ఇదే జబ్బు. మద్దేన్నం పూట ఎగదీసుకోబట్టింది. మొగోళ్ళంతా సముద్రం మీద చేపల వేటకి పోయుండారు. నాకు పదిహేడేళ్ళు. అమ్మని నేలన కూర్చోబెట్టి, బండి కోసరం ఊళ్ళోకి పరిగెత్తినా. యాడా దొరకలా. తిరిగొచ్చే తలికి పోయింది. పెదాలు ఎండిపోయి పగిలిపోయుండాయి మేడమ్. ఈది ఈదంతా అన్నారు, ఎదిగిన కూతురుండి గూడా నోట్లో చుక్క నీళ్ళు పడలేదే అని.”

నలభై ఏళ్ళుగా ఈ సంగతి నాకు చెప్పలేదు. అమ్మ నిద్రలో పోయిందనే నాకు చెప్పారు. నేను ఆ రోజు బడిలో ఉన్నాను.

“అవ్వ ఆ మాట అన్నెంటనే నాకు చేతులూ కాళ్ళూ ఆడలా. దీనికి గూడా అట్నే అవుద్దేమోనని పోసినా,” అంది అక్క. ఆగి, నా వైపు చూడకుండా, “ఇప్పటికీ రోజూ చెంబులో తులసాకు ఏసి, వంటింట్లో మూల మూత పెట్టే ఉండా,” అంది.

నేను విన్నది నిజమేనా అని ఒక్క క్షణం అర్థం కాలేదు. అంటే నేను భయపడింది ఉత్తినే కాదు. ఆమె చేతిలో ఏ చెంబు చూసినా నా ఒళ్ళు వణికిందంటే, నిజంగానే నా ఇంట్లో, పోపు డబ్బాల వెనక, నా చావుకి నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. రోజూ మారుస్తోంది. రోజూ తాజా ఆకు.

“అయితే రోజూ నా చావు కోసరం కాసుకోని ఉండావా?” అని అరిచాను. హాలంతా మోగిపోయింది. లేచి బయటకు వచ్చేశాను. బస్సులో ఇద్దరం వేరువేరు సీట్లలో కూర్చున్నాం. ఇంటికొచ్చి ఆ చెంబు పారబోస్తుందేమో అని చూశాను. పారబోయలేదు. నేనూ పారబోయలేదు. ఎందుకంటే దాని దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఒక పొద్దున, ఎవరో వీధిలో చెత్త తగలబెట్టారు. ఆ పొగ కిటికీలోంచి లోపలికి వచ్చేసింది. నేను కిటికీ మూస్తుండగానే పట్టేసింది. గోడ పట్టుకుని కూర్చుని, మందు పీల్చి, ముందుకు వంగాను. తల ఎత్తి చూస్తే అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె ఒకసారి వెనక్కి, ఆ మూలకి చూసింది. అవ్వ గొంతు మళ్ళీ వినపడింది. తిడదామనుకున్నాను, ఒక్క తిట్టు కూడా గుర్తు రాలేదు.

అక్క లోపలికి పోలేదు. వచ్చి నా ఎదురుగా నేల మీద కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఒక దాన్ని ఇంకొకటి గట్టిగా పట్టుకుంది. లేచి పోకుండా తన చేతుల్ని తనే కట్టేసుకున్నట్టు. అప్పుడు చూశాను. ఆమె భుజాలు నా భుజాల్లాగే ఎగిరెగిరి పడుతున్నాయి. నోరు తెరిచే ఉంది. నాకు జబ్బు, ఆమెకు ఏ జబ్బూ లేదు, అయినా ఇద్దరం ఒకటే ఊపిరి తీస్తున్నాం.

“అక్కా... మూతి... సున్నాలా పెట్టు,” అన్నాను.

ఆమెకు ఎలా పెట్టాలో తెలియదు. నేను చేసి చూపించాను. మెల్లగా వదిలాను. ఆమె కూడా వదిలింది. ఎంతసేపు అలా ఊదామో తెలియదు. పొగ వెళ్ళిపోయింది, వీధిలో కూరగాయల బండి వచ్చి పోయింది. మందు మళ్ళీ రెండుసార్లు పీల్చాను. ఊపిరి దిగింది.

“నువ్వు ఎట్ట ఉంటే అది నిజంగా అదో, నాకెట్ట తెలస్తాది?” అంది అక్క.

“మందు పీల్చినా తగ్గకపోతే, మాట రాకపోతే, ముందు అంబులెన్సుకి ఫోను చెయ్యి. వాళ్ళొచ్చేదాకా నన్ను కూర్చోబెట్టే ఉంచు. ఎవురు చెప్పినా పండబెట్టనీబాక.”

“ఆళ్ళొచ్చినాక గూడా అదే అయితే?”

ఏదో ఒక రోజు అది నిజంగానే వస్తుంది. ఏ తిట్టూ దాన్ని ఆపలేదు. “అదే అయితే పొయ్యి,” అన్నాను. “కోపం రాదులే.”

అక్క తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. లేవబోయి మళ్ళీ కూర్చుంది. ఆమెకు అరవై దగ్గర పడుతున్నాయి, లేవడానికి నేల మీద చేయి ఆనించాలి.

“మే,” అంది. “నాకే ముందొస్తే?”

నేను ఆమె వైపు చూశాను. ఇన్నాళ్ళూ ఇంట్లో చావబోయేది నేనొక్కదాన్నే అనుకున్నాను. నన్ను కాపలా కాసే మనిషికి కూడా ఒక ఆఖరు ఊపిరి ఉంటుందని నాకు ఏనాడూ తోచలేదు.

“నువ్వు నీళ్ళంటేనే దూరంగా పోతావు గదా. నాకు పోస్తావా?” అంది. నలభై ఏళ్ళుగా ఆమె భయపడింది నా నోరు ఎండిపోతుందని ఒక్కటే కాదు. తన నోరు కూడా.

ఒకే ఒక్క మాట చెప్పాలి. దానికి ఊపిరి కూడగట్టుకోవాల్సి వచ్చింది. “పోస్తా,” అన్నాను.

ఆమె నేల మీద చేయి ఆనించి లేచి, బియ్యం కడగడానికి పోయింది. ఆ రోజు నుంచి వంటింట్లో ఆమె దగ్గినప్పుడల్లా, నేను ఉన్నచోటనే ఆగిపోయి, తర్వాతి ఊపిరి వినపడేదాకా చెవులు రిక్కించి నిలబడుతున్నాను.